గాలిలోకి గిటార్

విశాఖలో ఇప్పుడు ఎవరి పాట వాళ్ల చెవిలో పెట్టుకునే చిన్న స్పీకరు పూసలోనే మోగుతుంది. గిటార్లకు కూడా బయటికి శబ్దం లేదు. చెవికి పూస పడక పెట్టుకోని మరియమ్మకు, కోడలు కెజియా వాయిస్తుంటే వేళ్ల కదలిక మాత్రమే కనిపించేది.

అందుకే కెజియా పౌడరు డబ్బాలో పాత స్పీకరు బిగించి, దాన్ని తన గిటార్‌కు కలిపే, ఒకే నాబ్ ఉన్న పెడల్ తయారుచేసింది.

“దీన్నేం చెయ్యాలమ్మా?”

“కాలితో నొక్కండి అత్తయ్యా. నాబ్ తిప్పితే సౌండు పెద్దదవుద్ది.”

మరియమ్మ నొక్కింది. కెజియా మీటిన తీగ గరగరమంటూ గదంతా మోగింది. మరియమ్మ ఉలిక్కిపడింది. తర్వాత వంగి, ఎంత పెద్దదవుతుందో చూద్దామని నాబ్‌ను చివరిదాకా తిప్పింది.

ఎదురింటి సత్యవతి పూస చేత్తో పట్టుకుని వచ్చింది. “ఇది తీసేసినా పాట వినపడతాంది, పిన్నీ.”

“మా కోడలు వాయిస్తాంది,” అంది మరియమ్మ, చాప జరుపుతూ. “కూర్చుని విను.”