గోరంత చర్మం

తిరుత్తణి రైతు మునుస్వామి చేతులు బెల్లం పాకం పడి కాలిపోయాయి. తిరువళ్లూరు ఆసుపత్రిలో అతని తొడ నుంచి గోరంత చర్మం తీసి, ల్యాబులో ఇరవై రోజులు పెంచి, చేతులకు అతికించారు.

కట్టు విప్పగానే అతని కళ్లు చెమర్చాయి. "దీన్ని పెంచిందెవురు తల్లీ?" అని పక్కనున్న ల్యాబు అమ్మాయిని అడిగాడు.

"నేనే అయ్యా," అంది నిత్య. "దినామూ ఈ చేతుల్తోనే బిడ్డను సాకినట్టు సాకినాను. మీ చెరుకు తోటలో కూలికొచ్చిన మా అమ్మ చెయ్యి తగిలిందని, అందరి ముందరా తిట్టి, తలకు నీళ్లు పోసుకుంటిరే! ఆ యమ్మ కూతుర్ని."

మునుస్వామి తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత మూలనున్న కుళాయి వైపు చూశాడు.

"నెల దాకా తడి తగలగూడదయ్యా," అంది నిత్య నవ్వుతూ. "కడిగితే ఊడొచ్చేస్తుంది."