దుప్పటి కింద చెయ్యి

"మళ్ళీ తగలడ్డాడు," అంది బాలనాగమ్మ, తలుపుకున్న కన్నంలోంచి చూస్తూ.

"యాకూబ్ అంకులా? ఓపెన్ చెయ్ లా, అమ్మమ్మా. పాపం, చాంగీ సైడ్ నుంచి యీషున్ దాకా వస్తాడు," అంది సింగపూర్‌లో పెరిగిన మనవరాలు సుస్మిత, అక్కడి వాళ్ళలా మాట చివర 'లా' తగిలించి, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

"అదేనే నేనూ అడిగేది. కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసే కుర్రాడికి, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మీ తాతయ్య దగ్గర ఆదివారం ఆదివారం ఏం పని?"

తలుపు తీయక తప్పింది కాదు. "బాగున్నారా మామ్మగారూ?" అంటూ యాకూబ్ చెప్పులు విడిచి, నేరుగా గదిలోకి వెళ్ళి దశరథరామయ్య మంచం పక్కకి కుర్చీ లాక్కున్నాడు.

అతనేమీ ముక్కూ మొహం తెలియనివాడు కాదు, వాళ్ళ ఊరు నందిరాలలో పసుపు వ్యాపారి కొడుకే. బాలనాగమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో నందిరాలంటే ఒక రైలు గేటు, నాలుగు కమీషన్ కొట్లు, ఎండలో ఆరబోసిన పసుపు. రాను రాను పసుపు యార్డు పెరిగింది, కోల్డు స్టోరేజీలు లేచాయి, బయటి రాష్ట్రాల లారీలు రోడ్డు పొడుగునా బారులు తీరాయి. పసుపు మీద వచ్చిన డబ్బుతో పిల్లలు కంప్యూటర్లు చదివి హైదరాబాదనీ సింగపూరనీ వెళ్ళారు. వాళ్ళు పంపే డబ్బు మళ్ళీ ఆ యార్డు చుట్టూనే వచ్చి వాలింది. ఇప్పుడక్కడ జానెడు జాగా కావాలన్నా దొరకదు. ఉన్నవాటిలో కల్లా మంచిది, యార్డు గేటుకి ఎదురుగా ఉన్న దశరథరామయ్య గోడౌన్.

ఆయన బేరానికి పెట్టింది పేరు. ఊరంతా వినపడేలా మాట్లాడే మనిషి, బేరంలో కూచుంటే మాత్రం పెదవి విప్పేవాడు కాదు. అలాంటప్పుడు అన్నానికి పిలవడానికి వెళితే ఒక చూపు చూసేవాడు, బాలనాగమ్మ గుమ్మంలోంచే వెనక్కి తిరిగేది. సింగపూర్‌లో కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చి ఇక్కడే పక్షవాతంతో పడిపోయాడు. ఇప్పుడు కుడిచెయ్యి ఒక్కటే కాస్త ఆడుతోంది. మనుషులను గుర్తుపడుతున్నాడో లేదో కూడా తెలియదు. ఎప్పటికైనా కోలుకుని వెళ్ళి కూచోవడానికి ఆ గోడౌన్ అన్నా మిగలాలని, దాని తాళంచెవి ఆమె కొంగున ముడేసుకుని తిరుగుతోంది.

మొదటిసారి వచ్చినప్పుడే యాకూబ్ బయటపడ్డాడు. "మా నాన్న ఆ గోడౌన్ కొంటానంటున్నాడండీ."

"అమ్మడానికి అది నాదా? ఆయనది. ఆయన్నే అడుక్కో," అంది బాలనాగమ్మ, మంచం వైపు చెయ్యి చూపించి, కళ్ళు తుడుచుకుంటూ.

అంతే, ఆ కుర్రాడు ఆమె దగ్గర మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకుండా ఇన్ని వారాలుగా వస్తున్నాడు. అదే ఆమెకు మింగుడుపడడం లేదు.

కాఫీ పట్టుకెళ్ళి, గదిలోనే నిలబడింది. "ఆదివారం పూట హాయిగా పెళ్ళిచూపులు చూసుకోక, ఈ మంచం దగ్గర కాపలా ఏమిటి బాబూ?"

"తాతగారి పని అయిపోనివ్వండి మామ్మగారూ, తర్వాత అదే చూసుకుంటాను."

ఏం పని? ఏసీ చలికి కప్పిన దుప్పటి కింద అతని చెయ్యి దూరి ఉంది. పైకి మాత్రం రైల్లో రద్దీ గురించి, హాకర్ సెంటర్‌లో తిన్న చేపల పులుసు గురించి కబుర్లు. అంత చల్లటి గదిలో అతని నుదుటి మీద చెమట. కాసేపటికి లేచి, ఫోన్ చెవిన పెట్టుకుని కారిడార్‌లోకి వెళ్ళాడు. బాలనాగమ్మ తలుపు వెనక నక్కింది.

"ఇవాళా కుదరలేదు నాన్నా. ఒక్క వేలు దగ్గర ఆగిపోతోంది... నేనేం చెయ్యను, తాతగారు లొంగితేగా."

ఇదంతా వేలిముద్ర కోసమన్నమాట.

గబగబా వెళ్ళి మొగుడి బొటనవేలు ఎత్తి చూసింది. సిరా లేదు గానీ పసుపు అంటి ఉంది. పోయిన వారం ఊరి సరుకంటూ యాకూబ్ తెచ్చిన పసుపు కొమ్ము పక్కలోనే దొరికింది. "సిరా పోవడానికి దీంతో రుద్దినట్టున్నాడే," అంది హాల్లోకి వచ్చి సుస్మితతో.

"పసుపుతో మరక పోదు, ఇంకోటి పడుతుంది లా," అంది ఆ పిల్ల. "అయినా తాతయ్య సండే ఎంత హ్యాపీగా ఉంటాడో చూడు. రెండు ఇడ్లీలు ఎక్కువ తింటాడు."

"నేను చెప్పేదీ అదే. ఏదో మందు పెడుతున్నాడు."

యాకూబ్ తిరిగొచ్చి కూచున్నాడు. చెయ్యి మళ్ళీ దుప్పటి కిందికి పోయింది. ఈసారి బాలనాగమ్మ ఆగలేదు. వెళ్ళి దుప్పటిని ఒక్క లాగు లాగింది.

కాగితం లేదు, సిరా లేదు. యాకూబ్ వేళ్ళు దశరథరామయ్య గుప్పిట్లో ఇరుక్కుని ఉన్నాయి. ముసలాయన మెల్లగా కళ్ళు తిప్పి భార్య వైపు ఒక చూపు చూశాడు. ఆమె కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా వెనక్కి నడిచాయి.

"ఏం చేస్తున్నావురా ఆయన్ని?" అంది అక్కణ్ణించే.

"మీరే కదండీ, ఆయన్నే అడుక్కోమన్నారు."

"నోట మాట లేని మనిషిని ఏమడుగుతావు?"

"యార్డులో బేరానికి నోరెందుకండీ? చేతుల మీద తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కేగా ధర చెప్పుకునేది. ఇక్కడ తువ్వాలు లేక దుప్పటి."

బాలనాగమ్మ కొంగు ముడి గట్టిగా పట్టుకుంది. "అయితే మంచాన పడ్డ ఈ అమాయకుణ్ణి ఎంతకి ముంచావు?"

యాకూబ్ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"వారం వారం తాతగారే రేటు పెంచుతున్నారండీ."