మంచు మీద ముగ్గు

ఎండకు మాడటమే తెలిసిన బెజవాడను మంచు మంచమెక్కించింది. భ్రమరాంబ మాత్రం స్వెట్టరు మీద మొగుడి రెయిన్‌కోటు తొడుక్కుని, పొద్దున్నుంచీ వాకిట్లో వంగే ఉంది. ఇప్పుడు ఊళ్లో ఏ ఇంటి ముగ్గు ఆ ఇంటి అడ్రసు. పైనుంచి ముగ్గును గుర్తుపట్టి డ్రోను సరుకులు దించుతుంది. ఈవేళ తెచ్చేది అత్తగారి ఇన్సులిన్. ఇంట్లో ఉన్నది అయిపోయింది.

ఎన్నిసార్లు ముగ్గేసినా డ్రోను నెత్తిమీద గిరికీలు కొట్టి, "ఇల్లు కనబడలేదండీ" అంటూ వెళ్లిపోతోంది.

"తెల్లటి మంచు మీద తెల్లటి పిండేస్తే ఎలా కనబడుతుందే!" దుప్పటి ముసుగులోంచి అరిచాడు మొగుడు కుటుంబరావు.

"ఆ మాట ముందే ఏడవొచ్చుగా!"

నడుం పట్టుకుని లోపలికెళ్లి, ఏడాదికని పట్టించిన కారం డబ్బా తెచ్చి, మొత్తం ముగ్గులో పోసేసింది. ఉపకారంలోనే కారం ఉందనుకుంది నిట్టూరుస్తూ. ఎర్రటి ముగ్గు మీద డ్రోను బుద్ధిగా దిగింది. దాని రెక్కల గాలికి ఇంటిల్లిపాదీ తుమ్మారు.

సూది పడ్డాక అత్తగారు తేరుకుని, సంగతంతా విని, నీరసంగా అడిగింది.

"అయితే ఏడాదంతా చప్పిడి కూడు తినడానికా నన్ను బతికించావే?"