గాజుగదిలో మనిషి

రొయ్యల షెడ్లు నడిపే పెద్దమనుషులూ, పనివాళ్ళ నెత్తి మీద కెమెరాలు బిగించింది మీరు. పక్క మనిషిని నమ్మే అలవాటు వాళ్ళకి పోగొట్టిందీ మీరే. ముమ్మిడివరం దగ్గర మీలాంటివాడి షెడ్డులో జరిగింది చెబుతాను, వినండి.

ఆ షెడ్డులో ఆడవాళ్ళు నిలబడే రొయ్యలు ఒలవాలి.

కూర్చుంటే తిట్లు. కడుపుతో ఉందని తెలిస్తే ఇంటికి పంపేయడమే.

సత్యదుర్గ కడుపుతో ఉంది.

ఖతార్‌లో భర్తకి పని పోయింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆమె కూలి రావాలి. అందుకని ఏప్రాన్ వదులుగా కట్టుకుని వచ్చేది. కాళ్ళు లాగినప్పుడు ఐసు పెట్టెల వెనక మూలకి పోయి, బోర్లించిన ట్రే మీద కాసేపు కూలబడేది. ఈలోగా ఆమె వాటా పక్కన నిలబడి ఒలిచే బేబి అనే పిల్ల ఒలిచి పెట్టేది.

అలాంటి రోజుల్లో షెడ్డుకి కెమెరాలు వచ్చాయి. వాటిని చూసుకోడానికి సూరిబాబు వచ్చాడు.

ముక్తేశ్వరం మనిషి. అంతకుముందు ఇంటింటికీ తిరిగి టీవీలు బాగుచేసేవాడు. ఇప్పుడు గాజుగదిలో కూర్చుని తెర చూడటం అతని పని. ఎవరితోనూ మాట కలపడు. ఆడవాళ్ళు అతనికి గుడ్లగూబ అని పేరు పెట్టారు.

వచ్చిన మర్నాడే అతను నిచ్చెన వేసుకుని ఐసు పెట్టెల దగ్గరి కెమెరాని తిప్పుతుంటే చిన్నమ్మలు చూసింది. షెడ్డులో అందరి తరఫునా నోరు చేసేది ఆవిడే.

కెమెరా నల్లటి గాజు గిన్నెలో ఉంది. ఎటు చూస్తోందో కింద ఉన్నవాళ్ళకి తెలియదు.

"చూసేవటే బేబీ, సరిగ్గా మన మూల మీదకే తిప్పేడు గుడ్లగూబ," అంది చిన్నమ్మలు.

రోజులు గడిచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా చిన్నమ్మలుకి నిద్ర పట్టలేదు.

"చెప్పేవాడైతే ఈపాటికి అయ్యగారికి చెప్పేసేవాడు కదా పిన్నీ," అంది బేబి.

"చెప్పలేదంటే ఏదో బేరం పెట్టుకుని ఉంటాడే. రేపు దుర్గ దగ్గరికొచ్చి అడుగుతాడు చూడు."

"పోనీ మనమే వెళ్ళి అతన్ని అడుగుదాం."

"యజమాని కూడు తినేవాడు మనకి నిజం చెబుతాడా? పిచ్చిమొహవా. వాడు మన మీద చెప్పకముందే మనం వాడి మీద చెప్పాలి."

"ఏవని?"

ఏమని చెప్పాలో చిన్నమ్మలు చెప్పింది.

బేబి తల దించుకుంది. కాదని మాత్రం అనలేదు. సత్యదుర్గ కూడా విన్నది. ఏప్రాన్ సర్దుకుని ఊరుకుంది.

అన్నాల వేళ అందరూ గాజుగది ముందు పోగయ్యారు. చెరువుల మీద నుంచి యజమాని సూర్యప్రకాష్ వచ్చాడు.

"ఐసు పెట్టెల పక్కన మేం బట్టలు మార్చుకునే గది గుమ్మంలోకి కెమెరా తిప్పుకుని చూస్తన్నాడండి," అంది చిన్నమ్మలు. "నిచ్చెనెక్కి తిప్పడం నా కళ్ళతో నేను చూసేనండి."

"ఏవయ్యా, తిప్పేవా?"

"ఆయ్. తిప్పేనండి," అన్నాడు సూరిబాబు.

"ఎటు తిప్పేవో ఆ తెర మీద చూపించు."

సూరిబాబు తెరకేసి చూశాడు. గుంపులో వెనగ్గా నిలబడ్డ సత్యదుర్గకేసి చూశాడు.

"చూసేరాండి, ఇప్పుడు కూడా ఎలా చూస్తన్నాడో," అంది చిన్నమ్మలు.

సూరిబాబు లోపలికి వెళ్ళి తెర వైరు పీకేశాడు.

"తప్పయిపోయిందండి," అన్నాడు.

ఇంకేం కావాలి? చొక్కా పట్టుకుని గేటు దాకా ఈడ్చారు.

"ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణి చూసుకో నాయనా, నీ కరువు తీరతాది," అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

ఆ మాట అతనికంటే ముందే ముక్తేశ్వరం చేరింది. టీవీ బాగుచెయ్యడానికి ఎవరూ అతన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. భార్య పిల్లల్ని తీసుకుని కొత్తపేట పుట్టింటికి పోయింది.

షెడ్డుకి కొత్త మనిషి వచ్చాడు. కెమెరాలన్నీ సర్దాడు. ఆ సాయంత్రమే సత్యదుర్గకి గాజుగదిలోంచి పిలుపు వచ్చింది.

బయటికి వచ్చేసరికి ఆమె చేతిలో ఏప్రాన్ లేదు.

"ఏవన్నారే?"

"ట్రే మీద కూర్చున్నది కనపడిందంట. రేపట్నించి రావద్దన్నారు పిన్నీ."

చిన్నమ్మలు కొంగు దోపింది. "రావద్దంటే సరిపోద్దా? పదండే, గేటు కాడ కూర్చుందాం. దుర్గ పని దుర్గకిచ్చేదాకా ఈ షెడ్డులో ఒక్క రొయ్య ఒలవద్దు."

ఆడవాళ్ళంతా కదిలారు. సత్యదుర్గ కదల్లేదు.

"నా పని సంగతి తరవాత పిన్నీ. ముందు కొత్తపేట పదండి."

"కొత్తపేటలో ఎవరున్నారే?"

"సూరిబాబు గారి భార్య."

గేటు కేసి నడిచేవాళ్ళు వెనక్కి తిరిగారు.

"కెమెరాలో పడ్డవన్నీ కంప్యూటర్లో ఉండిపోతాయంట. కొత్తతను పాతవన్నీ తీసి అయ్యగారికి చూపించేడు. మొదటి రోజు నేను ట్రే మీద కూర్చుని ఉన్నాను. సూరిబాబు గారు నిచ్చెనెక్కిన కాణ్ణించి వట్టి గోడే ఉంది పిన్నీ. ఆయన పోయేదాకా గోడే. అది చూపిస్తే నా సంగతి బయటపడుద్దనే ఆయన వైరు పీకేసేరు."

చిన్నమ్మలు దోపిన కొంగు లాగి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"మనం అబద్ధం ఆడేవని ఆవిడికి మన నోళ్ళతోనే చెప్పాలి. నేనూ విని ఊరుకున్నదాన్నే, నేనూ చెబుతాను. ఆవిణ్ణి వెంటబెట్టుకుని ముక్తేశ్వరం పోయి, ఆ ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ అదే మాట చెప్పాలి. బస్సు పోకముందే పదండి."