చిప్ప లేని చెట్టు

“ఈ చెట్లు మీరే నాటారనడానికి సాక్ష్యం ఏముందమ్మా?” అన్నాడు సుకుమార్, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని బురదలో నిలబడి.

గురవమ్మకు ఒళ్లు మండింది. వాకాడు అవతల, ఉప్పుటేటి గట్టున ఉన్న యానాదుల కాలనీలో ముప్పై ఇళ్ల ఆడవాళ్లు ఏళ్ల తరబడి నాటుకుంటూ వచ్చిన మడచెట్లు కళ్లెదుట పచ్చగా ఊగుతుంటే, ఈ ఇన్‌స్పెక్షన్ ఆఫీసరుకు సాక్ష్యం కావాలట!

“మా చేతులే సాక్ష్యం సారూ. నాటేటప్పుడు బురదలో గుల్లలు కోసిన గాట్లు చూడండి” అని అరచేతులు చాపింది.

“చేతులు ఫైల్లో పెట్టలేను కదమ్మా. మీ చెట్లకు వరసల్లేవు. వరసలు లేకపోతే వాటంతటవే మొలిచాయని రాయమంటుంది రూలు.”

“వరసలు కావాలంటే అవతల గట్టున చూడండి సారూ!”

అవతల గట్టున, పోయినసారి మడ నాటడానికి సర్కారు డబ్బు తీసుకున్న పట్నం సంస్థవాళ్ల బోర్డు ఇంకా నిటారుగా ఉంది. దాని వెనక తాడు పట్టి నాటిన వరసలున్నాయి. మొక్కలే లేవు.

“నీళ్లు వరసలో వస్తాయా సారూ? పోటు యాడ దాకా వస్తాదో, యాడ నిలబడతాదో చూసి మేం నాటతాం” అంది గురవమ్మ.

సుకుమార్ చెడ్డవాడేం కాదు. ఈసారి మడ పెంచే పనిలో యానాది ఆడవాళ్ల సంఘాలకే మొదటి అవకాశం ఇమ్మని పైనుంచి కాగితం వచ్చింది. ఆయనకూ ఇవ్వాలనే ఉంది. ఇస్తే పదేళ్ల పాటు ఏటి బాగోగులు కాలనీవి. ఇవ్వకపోతే మళ్లీ ఆ పట్నం సంస్థవే. ఈసారి వాళ్లు ఏటి చుట్టూ కంచె కూడా వేస్తారట. కంచె పడితే పీతలు పట్టుకుని బతికే ఆ ముప్పై ఇళ్లలో పొయ్యి వెలగదు.

“చిప్ప చూపియ్యి మే” అంది వెనక నుంచి చెంచమ్మ. ఆమె గురవమ్మకు తోడికోడలు, సంఘానికి పెద్ద. నోట్లోంచి మాట రావడమే గొప్ప.

గురవమ్మ ముఖం వెలిగింది. గడ్డపార తీసుకుని ఒక చిన్న చెట్టు మొదట్లో మూరెడు లోతు తవ్వి, చెయ్యి పెట్టి వెతికింది. నల్లబడిన టెంకాయ చిప్ప పెచ్చు ఒకటి బయటికి తీసింది.

“చిల్లి పెట్టిన చిప్పలో మొలకను నిలబెట్టి పూడుస్తాం సారూ. వేరు పట్టిందాకా పోటుకు కొట్టుకుపోకుండా చిప్పే దాన్ని పట్టుకోనుంటాది. మా కాలనీ వాళ్లు తప్ప ఇట్టా ఎవురూ నాటరు.”

సుకుమార్ చిప్పను తిప్పి తిప్పి చూసి ఫోటో తీసుకున్నాడు. “ఇంతకన్నా రుజువేం కావాలి! కాకపోతే ఇది మూడేళ్ల చెట్టు. సంఘానికి ఐదేళ్లు దాటిన అనుభవం ఉండాలి. అన్నిటికన్నా పాతది చూపించండి. వయసు నేను కొలుస్తా. నాటిందని చిప్ప చెప్తే చాలు, ఇవాళే సంతకం పెట్టేస్తా.”

“అదిగో సారూ!” అని ఏటి వంపులో మెరక మీదున్న పెద్ద మడచెట్టును చూపించింది గురవమ్మ. “నేను ఈ ఇంటికి రాకముందు మా అక్క నాటింది. మొట్టమొదటిది అదే. ఐదేళ్లు దాటింది కూడా అదొక్కటే, మిగతావన్నీ ఆ తర్వాతవే.”

“ఎప్పుడు నాటావు చెంచమ్మా?”

“పెద్ద వరదొచ్చిన ఏడు. నాగుల చవితి మర్నాడు. పొద్దున్నే.”

“కన్నబిడ్డ పుట్టినరోజు చెప్పినట్టు చెప్తున్నావే!” అని నవ్వాడు సుకుమార్. చెంచమ్మ నవ్వలేదు.

గురవమ్మ అప్పటికే గడ్డపారతో ఆ చెట్టు దగ్గరికి పరిగెత్తింది. ఒక్క పోటు వేసిందో లేదో, చెంచమ్మ బురదలో పడుతూ లేస్తూ వచ్చి చెట్టు మొదట్లో చతికిలబడింది. రెండు చేతులూ చెట్టు వేర్ల మీద పరిచింది.

“తవ్వొద్దు మే!”

“ఏందక్కా? మూరెడే కదా!”

“చెట్టుకేం కాదమ్మా, నేను చూసుకుంటా” అన్నాడు సుకుమార్.

“దీన్ని తవ్వొద్దు సారూ. నీ కాళ్లు పట్టుకుంటా.”

సుకుమార్ ముఖంలో నవ్వు పోయింది. “తవ్వనివ్వకపోతే కింద చిప్ప లేదనుకోవాల్సి వస్తుంది. ఉందా, లేదా?”

చెంచమ్మ పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడని మనిషి.

“లేదు సారూ. దీని కింద చిప్ప లేదు.”

ఆయన నిట్టూర్చి కాగితం మీద ఏదో రాశాడు. ‘సహజంగా మొలిచినది’ అని రాసినట్టు పైకి చదివి వినిపించాడు కూడా. గట్టెక్కి బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

గురవమ్మ గడ్డపార విసిరికొట్టింది. కోపం ఏడుపైపోయింది. “చేతులారా చెడగొట్టినావు గదక్కా! ఇంక మన చేతికి చిప్పే గతి. రేపు కంచె కడితే పిలకాయలకి ఏం పెడతాం?”

చెంచమ్మ గడ్డపార దిగిన చోట పెళ్లగిలిన బురదను అరచేత్తో మెల్లగా సర్దుతోంది.

“నిజం చెప్పు. ఈ చెట్టు నువ్వు నాటినావా, లేదా?”

“నాటినా.”

“వరదలో చిప్ప లేకుండా నాటితే ఎట్టా నిలబడింది మరి?”

“వల్లకాడు మునిగిపోయుండె మే ఆ పొద్దు. మెరకంటే ఇదొక్కటే తేలుండె.” చెంచమ్మ చెయ్యి ఇంకా ఆ బురదను నిమురుతూనే ఉంది. “చిప్పెందుకు? కొట్టుకుపోకుండా నా చంటిబిడ్డే పట్టుకోనుండాది.”