కదలని పెట్టె

"సార్, పోయే ముందు గీ ఒక్క లెక్క జెర చెప్పుండ్రి."

ట్రంకుపెట్టె మీద మోకాలు ఆనించి గడియ బిగిస్తున్న ఇమామ్ తల ఎత్తలేదు. "ఇప్పుడా, సుమిత్రా?"

హైదరాబాదులో పోలీసు యాక్షన్ జరిగి, నిజాం పాలన పోయి నెల దాటింది. కాలేజీలో ఆయన ఫిజిక్సు కొలువు పోయింది. కరాచీ నుంచి అన్న రమ్మన్నాడు; ఈ వారం ఓడ తప్పితే అక్కడ చూసిపెట్టిన కొలువూ దక్కదు. బొంబాయి బండికి వేళవుతోంది. చిలకలగూడ గల్లీలో జట్కా వచ్చి నిలబడింది.

"గిప్పుడేం లెక్కలు, పిల్లా? బండి పోతది!" లోపలి నుంచి ఆయన భార్య షహర్ బానో కసిరింది. పొద్దుటి నుంచీ ఆయనకంటే ఆమెకే తొందర. మూటలన్నీ ఆమే కట్టింది. 'నీకు ఇష్టమేనా' అని ఆయన అడిగితే, 'మీరెటో నేనటు' అంది.

"ఒక్కటే, ఖాలా!" వెనకింటి సుమిత్ర గడపలోనే కూర్చుంది. "నేల మీద పెట్టె ఉన్నది సార్. స్ప్రింగు త్రాసు తగిలించి గుంజితే కదలలే. గుణకంతోని బరువును హెచ్చేస్తే ఘర్షణ బలం వచ్చినట్టే కద?"

ఇమామ్ చేయి గడియ మీద ఆగింది.

"ఎవరు చెప్పిన్రు నీకు? అది కదలబోయే క్షణం మాట. అప్పటిదాంక నువ్వెంత గుంజితే అది గంతే ఆపుతది."

"కదలనిదానికి సుత బలమెందుకు సార్?"

ఆయన గడియ బిగించాడు. నిశ్చలత అంటే బలం లేకపోవడం కాదని ఏళ్లుగా నల్లబల్ల ముందు చెప్పిన మాటే. ఇవాళ అది నోటికి బరువుగా తగిలింది.

"ఇమామ్ సాబ్! గుర్రం పరేషాన్ అయితున్నది!" జట్కా తోలే మౌలా అలీ కేకేశాడు.

"వస్తున్న!"

"ఇంకొక్కటి సార్. స్ప్రింగును సగానికి కోస్తే సగం మెత్తగైతది కద?"

"మెత్తగా? పాగల్! రెండింతలు గట్టిపడ్తది." ఆయన పెట్టె తెరిచి, షేర్వాణీల కింద వెతికి, క్లాసులో చూపించే స్ప్రింగును బయటికి లాగాడు.

"మళ్ల తెరిచిన్రా!" షహర్ బానో నెత్తి కొట్టుకుంది.

"అయితే నువ్వే చెప్పు, బానో. నా క్లాసుల పరదా వెనుక కూసున్నదానివే కద."

"పెండ్లయినంక అన్నీ మరిచిన. లెవ్వుండ్రి, జీ."

కాని సుమిత్ర మూడోది అడిగింది. గరుకు నేల మీద స్ప్రింగుకు కట్టిన దిమ్మెను గుంజి విడిస్తే, ఊగి మళ్లీ గుంజిన జాగకే వస్తుందా?

"రాదు," అన్నాడు ఇమామ్. సుద్దముక్క తీసుకొని నేల మీద గీత గీశాడు. ఒకటి చెరిపి మరొకటి. "ఘర్షణ తిన్నది తిరిగి ఇయ్యదు. చూడు, ఇక్కడ్నే ఆగుతది."

స్టేషన్ వైపు నుంచి బొంబాయి బండి కదిలిన కూత వినిపించింది. ముగ్గురూ విన్నారు. గల్లీలో జట్కా ఖాళీగానే మళ్లింది.

"అయ్యో, నసీబ్!" అంది షహర్ బానో.

ఇమామ్ వేళ్లకంటిన సుద్దను దులుపుకున్నాడు. "రేపు ఇంకో బండి ఉన్నది. ఓడ అందాలంటే అదే ఆఖరు. మూటలు విప్పకు."

"సరే, జీ."

ఆమె సుమిత్రను పెరటి తలుపు దాకా సాగనంపింది. గడియ తీస్తూ గొంతు తగ్గించింది.

"రేపటికి ఇంకా కష్టమైన లెక్క నేర్పిస్త, పొద్దుగాల్నే రా బిడ్డా."