గులాబీల మొదట్లో మరువం

వేసవి పూల పోటీలో రెండేళ్లుగా సువాసన బహుమతి రిటైర్డు హెడ్మాస్టారి గులాబీలదే. తన క్రమశిక్షణ వల్లే వాటికా వాసన అబ్బిందని ఆయన గట్టి నమ్మకం.

ఈసారి పోటీకి ముందురోజు, గులాబీల మొదట్లో భార్య పెంచిన మరువమంతా పీకి గోడవార పడేశారు.

"నా గులాబీల పక్కన ఈ గడ్డేమిటే?"



మర్నాడు న్యాయనిర్ణేత వచ్చి ప్రతి పువ్వు దగ్గరా వంగి, పెదవి విరిచింది.

"మీకు జలుబేమో పాపం," అని జాలిపడ్డారు మాస్టారు.

ఆమె వెనుదిరిగి, గోడవార కుప్ప దగ్గర ఆగిపోయింది. "వాసనంతా ఇక్కడుందే! ఇన్నాళ్లూ గులాబీలదనుకున్నాను. ఈ మరువం పెంచిందెవరు?"

"నేనే," అన్నారు మాస్టారు తడుముకోకుండా.

"పీకింది కూడా మావారేనండి," అంది భార్య.